కాజీపేట దాకా పాఠం

మేం కతోలిక సభలో బ్రదర్లం. ఫాదర్లం కాదు, పూజ చేయం, జనం వచ్చి ఒప్పుకునే పాపాలు వినం. పాఠాలు చెబుతాం, పెద్దలు ఎక్కడికి పొమ్మంటే అక్కడికి పోతాం. పటాన్‌చెరులో ఉన్నన్నాళ్లూ ఈ తేడా చెప్పీ చెప్పీ నా నోరు నొప్పెట్టింది గానీ ఎవరూ చెవిన పెట్టలేదు. ఇప్పుడు పాఠాలు మానేసి ఊరికే కూర్చున్నాను కాబట్టి అక్కడి సంగతులు తెగ గుర్తొస్తున్నాయి.

ఎనభైల చివర్లో అక్కడ పగలు పిల్లలకూ, సాయంత్రం ఫ్యాక్టరీ కార్మికులకూ లెక్కలు చెప్పేవాణ్ని. కర్దనూర్ నుంచి సైకిలు మీద ఒకాయన వచ్చేవాడు. ముప్పై దాటిన మనిషి, ఇద్దరు ఆడపిల్లల తండ్రి. తన పొలంలో లేచిన ఫ్యాక్టరీలోనే క్యాజువల్ కూలీ. ఆ ఏడు టెన్త్ పాసైతే పర్మనెంట్ చేస్తామన్నారు. ప్రైవేటుగా పరీక్ష కట్టాడు. మిగతావన్నీ ఎలాగో నెట్టుకొచ్చాడు గానీ త్రికోణమితి దగ్గర ఆగిపోయాడు.

"గిదంత సూస్తెనే తల తిరుగుతది సారూ."

"తిరగనీ. పెన్ను మాత్రం ఆపకు" అని కసిరేవాణ్ని.

పరీక్షలు ఇంకో నెల ఉన్నాయనగా మా సభ పెద్ద, ప్రొవిన్షియల్ ఫోన్ చేశారు. గుంటూరు దగ్గర మా బడిలో లెక్కలు చెప్పే బ్రదర్ గుండెపోటుతో పోయారు, పదో తరగతి పిల్లలు దిక్కులేకుండా ఉన్నారు, ఎల్లుండికల్లా రమ్మన్నారు. పరీక్షలయ్యాక వెళ్తానని జీవితంలో మొదటిసారి బతిమాలుకున్నాను.

"వాళ్లకూ పరీక్షలే కదా బ్రదర్" అన్నారాయన.

 విధేయత వ్రతం తీసుకున్నవాణ్ని. సరేనన్నాను.

ఆ సాయంత్రం సంగతి చెబితే కర్దనూరాయన నమ్మలేదు. "పెండ్లాం లేదు, పిల్లల్లేరు. మిమ్ముల ఎవ్వలు గుంజుకపోతరు సారూ? రాను పో అనుండ్రి!"

ఊరందరిదీ అదే లెక్క, సంసారం లేనివాడికి అడ్డేమిటని. సంసారమే ఉంటే పిల్లల పరీక్షలని ఏదో సాకు చెప్పుకునేవాణ్ని. ఒళ్లు మండింది. ఆయన మీద కాదు, ఎవరి మీదో నాకే తెలియదు.

బయల్దేరే రోజు పొద్దున బస్టాండుకు వెళ్తే, లెక్కల పుస్తకం చంకన పెట్టుకుని నిలబడి ఉన్నాడు. డ్యూటీ ఎగ్గొట్టాడు. నా పెట్టె లాక్కుని నాతో పాటే బస్సెక్కి కూర్చున్నాడు.

"ఇగ సెప్పుండ్రి."

సికింద్రాబాద్ దాకా చెప్పాను. స్టేషన్లో ఇక వెళ్లిపొమ్మంటే వినకుండా కాజీపేటకు టికెట్ కొనుక్కొచ్చాడు. రైల్లో జనం వింతగా చూస్తుంటే ఎత్తులూ దూరాల లెక్కలు చేయించాను. కాజీపేట దగ్గర పడుతుండగా ఒక లెక్క నా సాయం లేకుండా చేసి, పుస్తకం నా ఒళ్లో పెట్టాడు. సరిగ్గా ఉంది! వెనక్కి పోయే బండి కోసం దిగబోతూ నా కాళ్లకు దండం పెట్టాడు. "దిగు దిగు, బండి కదులుతోంది" అని కసిరాను.

జూన్‌లో, కొత్త ఊళ్లో బడి తెరిచిన రోజున ఫోన్ వచ్చింది.

"సారూ, పాసైన. పర్మనెంట్ జేసిండ్రు."

ఎవరితో చెప్పుకోను? మా బ్రదర్లుండే ఆ ఇంట్లో ఆయన్ను ఎరిగినవాళ్లు ఒక్కరూ లేరు. తరగతిలోకి వెళ్లి, ఉండబట్టలేక, "ఒకాయన పాసయ్యాడర్రా" అన్నాను. ఎవరో ఏమిటో అడక్కుండానే పిల్లలంతా చప్పట్లు కొట్టారు. వాళ్ల ముందే ఏడ్చేశాను.