పదకొండు పిస్టన్లు, ఒక గ్రీజు డబ్బా

బందరులో మా పెరటి రేకుల షెడ్డులో నేను చేసిన ఇంజను అరచేతిలో పడుతుంది. దాన్ని చూసినవాళ్ళు అడిగిన ప్రశ్నలన్నీ ఒక నోటుపుస్తకంలో రాసిపెట్టుకున్నాను. ఎక్కువసార్లు వచ్చినవి నాలుగు. మైలేజి ఎంత? దీంతో నీళ్ళు తోడొచ్చా? ఎంతకి అమ్ముతావు? ఉద్యోగం రాలేదా? నేను ఇంట్లో కూర్చుని కంపెనీలకి యంత్రభాగాల డ్రాయింగులు గీసి పంపుతానని, దాన్నే ఉద్యోగం అంటారని చెప్పడం ఎప్పుడో మానేశాను. ఇది ఎలా తిరుగుతుందని అడిగినవాడు ఒక్కడూ లేడు.

ఎవరూ అడగలేదు కాబట్టి ఇక్కడ చెబుతాను. ఇందులో పెట్రోలు లేదు, పేలుడు లేదు. సిలిండరు ఒక చివర కింద స్పిరిట్ దీపం వెలుగుతుంది. లోపలి గాలి వేడెక్కి పిస్టన్‌ను తోస్తుంది, రెండో చివర చల్లబడి వెనక్కి లాగుతుంది. దాని బలం ఎంతంటే, తిరిగే చక్రానికి గోరు తగిలితే ఆగిపోతుంది. అందుకే పిస్టన్‌కీ సిలిండరుకీ మధ్య సందు మిల్లీమీటరులో వందో వంతు ఉండాలి. ఎక్కువైతే గాలి కారుతుంది. తక్కువైతే పట్టేస్తుంది.

ఆ సందు పదకొండో పిస్టన్‌తో గానీ కుదరలేదు. మొదటి మూడూ నా చేతకానితనం. నాలుగోది కోస్తుండగా కరెంటు పోయింది. అయిదోదాన్ని వేడి మీదే కొలిచి సంబరపడ్డాను, చల్లారాక సన్నబడింది. ఆరోది సిమెంటు గచ్చు మీద పడింది. తర్వాతి నాలుగూ ఒక చివర లావు, ఒక చివర సన్నం. అది లోహాన్ని తిప్పుతూ కోసే లేతు మిషను తప్పు. ఆ లేతు గుడివాడలో మోటార్లు చుట్టే షాపున్న మా మేనత్త కొడుకు, బావ, పాత ఇనుములోంచి ఏరి తెచ్చి ఇచ్చింది. పనికిరాని పది పిస్టన్లనూ ఒక ఆవకాయ జాడీలో వేసి కిటికీలో పెట్టాను.

ఇదంతా ఒక పానా బొమ్మ కోసం. ఇలాంటి బుల్లి ఇంజన్లు చేసేవాళ్ళకి ఫోన్లో ఒక గ్రూపు ఉంది. మధ్యలో కోత లేకుండా పది నిమిషాలు ఇంజను తిరిగిన వీడియో పెడితే, సొంతంగా చేసినవాడని ఒప్పుకుని మన పేరు పక్కన చిన్న పానా బొమ్మ పెడతారు. ఆ గ్రూపులో చాలామంది చేసేది ఏమిటంటే, డబ్బాలో వచ్చిన ముక్కలకి స్క్రూలు బిగించి, వెనక సినిమా పాట పెట్టి, చేతులతో చేశాం అని రాసుకోవడం. ముందురోజే గోళ్ళు కత్తిరించుకున్నట్టుండే ఆ చేతుల్ని చూస్తే చాలు, ఇత్తడి రజను ఎప్పుడూ అంటలేదని తెలుస్తుంది. వాళ్ళ మీద నాకు గౌరవం లేదు. వాళ్ళిచ్చే బొమ్మ మాత్రం కావాలి.

ఆదివారం వీడియో తీద్దామనుకున్నాను. శనివారం సాయంత్రం బావ దిగాడు. దివిసీమ రొయ్యల చెరువుల్లో నీళ్ళకి గాలి పట్టించే ఏరేటర్ల మోటార్లు చూసుకుని, గుడివాడ వెళ్ళకుండా ఇటు బస్సెక్కాడు. చేతిలో సంచి, సంచిలో గ్రీజు డబ్బా. బావకి తెలిసిన వైద్యం అదొక్కటే. ఉప్పునీళ్ళలో తిరిగే యంత్రం ఏదైనా సరే, సందు కనబడితే గ్రీజు కూరతాడు. చుట్టుపక్కల మెకానిక్కులంతా అంతే.

ఇంజను చూసి ముఖం చిట్లించాడు.

"ఏరా, ఇనుము ఇట్టా ఒట్టిగా వదిలేశావేంటి? ఇది బందరు. రేపటికి తుప్పు పట్టుద్ది."

"అది అలాగే ఉండాలి బావా."

"ఎందుకు?"

"నీకు చెప్పినా అర్థం కాదులే."

నేను అంతటితో ఆ మాట మరిచిపోయాను.

ఆదివారం ఉదయం స్పిరిట్ కోసం మందుల షాపుకి వెళ్ళొచ్చి, ఫోను స్టాండుకి బిగించి, దీపం వెలిగించాను. రెండు నిమిషాలు ఆగి చక్రాన్ని వేలితో తిప్పాను. అరచుట్టు తిరిగి ఆగింది. మళ్ళీ తిప్పితే మళ్ళీ ఆగింది. ఇంతలో పొగ, మాడు వాసన.

"తిరగదేంట్రా?" వెనక నుంచి బావ గొంతు. "నున్నగా తిరగాలని నిండా కూరానుగా."

"ఏం కూరావు?"

"గ్రీజు. చెరువులో ఆర్నెల్లు నానినా చెక్కుచెదరని సరుకు. నువ్వు షాపుకెళ్ళినప్పుడు విప్పి, సందు కనబడ్డ మూడు చోట్లా పెట్టా."

"నిన్నెవడు పెట్టమన్నాడు?"

"పెట్టద్దని నువ్వు చెప్పావా?"

నేను చెప్పలేదు. ఆ నిమిషంలో బావని అన్న మాటలు నోటుపుస్తకంలో రాయలేదు గానీ అన్నీ గుర్తున్నాయి. మొద్దు అన్నాను. గుడివాడ దాటితే లోకం లేదనుకుంటావు అన్నాను. నీ లేతు కూడా నీలాగే వంకర అన్నాను. వంటింట్లోంచి అమ్మ వచ్చింది.

"పోనీలేరా, మంచికే చేశాడు. తుడిస్తే పోదూ?"

"కాఫీ గిన్నె కాదమ్మా తుడవడానికి!"

బావ చొక్కా విప్పి కొక్కేనికి తగిలించాడు. కిరసనాయిలు తెమ్మన్నాడు. ఇంజను విప్పి ముక్కలన్నీ పళ్ళెంలో వరసగా పెట్టాడు. మోటారు తీగలకి చుట్టే నూలు టేపుని కిరసనాయిల్లో ముంచి, సిలిండరులోంచి దూర్చి, రెండు కొసలూ పట్టుకుని అటూ ఇటూ లాగడం మొదలుపెట్టాడు. లోపలి గోడ మీద గీత పడకుండా, మాడి అంటుకున్న గ్రీజు పొరలు పొరలుగా ఊడొచ్చింది. నేనైతే గీకేవాణ్ణి. గీకితే పన్నెండో పిస్టన్‌తో పాటు రెండో సిలిండరు కూడా చెయ్యాల్సి వచ్చేది.

"ఇప్పుడు చెప్పు, ఎందుకు పెట్టకూడదో," అన్నాడు తల ఎత్తకుండా. "అర్థం కాకపోతే అప్పుడు తిడుదువుగాని."

నాలుగు వాక్యాల్లో చెప్పాను.

"అంటే దీనికి బలం లేదు, గ్రీజుని తోసుకుంటూ తిరగలేదు. అంతేగా?"

"అంతే."

"ఆ ముక్క నిన్న చెప్తే నీ సొమ్మేం పోయిందిరా, బోడి ఇంజినీరూ?"

జనం అడగని ప్రశ్నల గురించి ఏడ్చేవాణ్ణి, అడిగిన ఒక్కడికీ చెప్పలేదు.

రెండోసారి దీపం వెలిగించేసరికి మిట్టమధ్యాహ్నం. నడి ఎండాకాలం, రేకుల కింద. గాలి తగిలితే మంట వంగిపోతుంది కాబట్టి ఫ్యాను ఆపాలి. బావ వెళ్ళి స్విచ్చి పక్కన గోడకి వీపు ఆనించి నిలబడ్డాడు. చక్రాన్ని తిప్పాను. ఒక చుట్టు, రెండు, పది. తర్వాత లెక్కపెట్టడానికి వీల్లేనంత వేగం అందుకుంది. మెత్తగా టికటికమంటూ తిరుగుతోంది.

ఆరో నిమిషంలో పక్కింటి రిటైర్డు మాస్టారు తలుపు తోసుకుని వచ్చారు.

"ఏంటయ్యా, ఈ ఉక్కలో ఫ్యానన్నా వేసుకోకుండా..." అంటూ స్విచ్చి మీదికి చెయ్యి చాపారు. బావ ఆ చెయ్యి పట్టుకుని, రెండో చేతి వేలు పెదాల మీద పెట్టాడు. చెమట బావ ముక్కు మీంచి గచ్చు మీద పడుతోంది. మాస్టారు బిత్తరపోయి అలాగే నిలబడ్డారు. రహస్యంగా అడుగుతున్నట్టు, "మైలేజి ఎంత వస్తుందయ్యా?" అన్నారు. ఆ మాట వీడియోలో స్పష్టంగా పడింది.

పది నిమిషాలు దాటాక మరో అర నిమిషం తిరగనిచ్చి దీపం ఆర్పాను. బావ ఫ్యాను వేసి దాని కింద చతికిలబడ్డాడు.

వీడియో పెట్టిన గంటకి మొదటి జవాబు వచ్చింది. బావ అప్పటికి అన్నం తింటున్నాడు.

"ఏమన్నార్రా?"

"లింకు అడిగారు."

"ఏం లింకు?"

"ఈ డబ్బా ఎక్కడ కొన్నానో చెప్పమంటున్నారు. వెనక పాట పెట్టి ఉంటే బాగుండేదట."

బావ ముద్ద నోటి దగ్గరే ఆపి నా వైపు చూశాడు.

"వాళ్ళందరికీ తలా కాస్త గ్రీజు పంపించరా," అన్నాడు. "నిండా కూరుకోమను."

నేను కిటికీ దగ్గరికి వెళ్ళి, ఆవకాయ జాడీ బోర్లించి, పనికిరాని పది పిస్టన్లనూ చేసిన వరసలో పేర్చి ఫొటో తీసి పంపాను. కింద ఏమీ రాయలేదు. ఆ తర్వాత లింకు ఎవరూ అడగలేదు. మర్నాడు నా పేరు పక్కన పానా బొమ్మ వచ్చింది. బావకి చూపిద్దామంటే అప్పటికే గుడివాడ బస్సెక్కేశాడు, గ్రీజు డబ్బా మాత్రం షెడ్డులో వదిలి. దాన్ని నేను లేతుకి వాడుతున్నాను.