గేటుకు వేలాడిన క్యారియర్లు

మొన్న ఖమ్మంలో మా ఖానాపురం హవేలి పేటలో ఎదురింటి పెద్దాయన పోయారు. మధ్యాహ్నం బంధువులెవరో ఫోన్లోనే భోజనాలు ఆర్డరిచ్చినట్టున్నారు, బండి మీద వచ్చినతను సంచీని గేటుకు తగిలించి, దానికో ఫొటో తీసుకుని వెళ్ళిపోయాడు. మంచి ఏర్పాటేనంది మా కోడలు. నాకు మాత్రం ఒళ్ళు మండింది, ఎందుకంటే అలా గేటుకు వేలాడిన అన్నాన్ని నేను ఇదివరకే ఒకసారి చూశాను.

స్వైన్ ఫ్లూ భయం మన ఊళ్ళకు పాకిన ఏడాది మీకూ గుర్తుండే ఉంటుంది, ముక్కుకు చేతిరుమాళ్ళు కట్టుకుని షేర్ ఆటోలు ఎక్కేవాళ్ళం. ఆ జబ్బుతోనే మా చిన్నమ్మ భర్త, మా బాబాయి పోయాడు. ఇంటికి తీసుకురాకుండా దవాఖానా నుంచి నేరుగా సమాధుల తోటకే తీసుకెళ్ళాం.

చిన్నమ్మ చాలా ఏళ్ళు దుమ్ముగూడెం వైపు నర్సుగా పనిచేసింది. అక్కడి అడవి పల్లెల్లో ఎవరైనా పోతే ఊరంతా పనులు మానుకుని ఆ ఇంటి ముందు కూర్చోవడం చూసి చూసి, ఖమ్మం వచ్చాకా ఆ పద్ధతే పాటించింది. చావు జరిగిన ఇంట్లో మూడు రోజులు పొయ్యి వెలిగించరు కనుక, మా చర్చిలో ఎవరింట అలాంటి కష్టం వచ్చినా క్యారియర్ పట్టుకుని ముందుగా వెళ్ళేది ఆవిడే; ఇచ్చేసి రావడం కాదు, పక్కన కూర్చుని, అన్నం కలిపి, ఏడుస్తున్నవాళ్ళ నోట్లో తొలి ముద్ద పెట్టి, తనూ వాళ్ళతో తిని మరీ వచ్చేది. ఆవిడ కారం లేకుండా వండుకెళ్ళే చప్పటి పప్పు తినలేకే వాళ్ళు ఏడుస్తున్నారని మేం ఆటపట్టించేవాళ్ళం. ఏడ్చి ఏడ్చి మండే గొంతుకు కారం పడదని ఆవిడ నమ్మకం.

బాబాయి పోయినప్పుడు అలాంటి మనిషి ఇంట్లోకి ఒక్కరూ అడుగుపెట్టలేదు. ఇంటికొచ్చి ప్రార్థన చేసి ఓదార్చే ఆదరణ కూడికను తర్వాత పెట్టుకుందామని చర్చి పెద్దలు ఫోన్ చేశారు. చర్చి స్త్రీల సమాజం వాళ్ళు క్యారియర్లు గేటుకు తగిలించి, హారన్ కొట్టి వెళ్ళిపోయారు. భయం ఎవరికైనా ఉంటుంది, కాదనను. గేటు అవతల నిలబడైనా ఆవిడను పేరుపెట్టి పిలవొచ్చు కదా! ఒక్కొక్కరి ఇంటికీ వెళ్ళి కడిగేయాలనిపించింది. తొలి ముద్ద బయటివాళ్ళే పెట్టాలన్నది ఆనవాయితీ; నేను ఇంటిమనిషినే కనుక ఎంత బతిమాలినా చిన్నమ్మ అన్నం ముట్టలేదు.

"అన్నం ఎవరిక్కావాలె బిడ్డా, పక్కన కూసునేటోళ్ళు ఏరి?" అంటూ గేటు వైపే చూస్తూ ఉండిపోయింది.

మర్నాడు పొద్దున చూస్తే వంటింట్లో పొయ్యి వెలుగుతోంది. గడువు కాకముందే ఆవిడే వెలిగించి, చప్పటి పప్పు వండుకుంది. "ఇగ ఎవరు రారు బిడ్డా, మన పొయ్యి మనమే ముట్టిచ్చుకోవాలె" అని తన ముద్ద తనే కలుపుకుంటుంటే, సమాధి దగ్గర రాని ఏడుపు నాకప్పుడు వచ్చింది.

ఏడాది తిరక్కుండానే, ఆ హారన్ కొట్టినవాళ్ళలో ఒకావిడ భర్త పోయాడు. నేను అడ్డం పడి వద్దన్నా వినకుండా చిన్నమ్మ క్యారియర్ తీసుకుని బయల్దేరింది. అది నాకిప్పటికీ మింగుడుపడదు.

ఇప్పుడు చిన్నమ్మా లేదు. ఎదురింటి గేటుకు ఆ సంచీ సాయంత్రం దాకా అలాగే ఉంది. నేను చప్పటి పప్పు వండి క్యారియర్ సర్దుతుంటే, ముందు ఫోన్ చేసి అడిగి వెళ్ళమంది కోడలు. చావింటికి అడిగి వెళ్ళే కాలం వచ్చిందన్నమాట. చెప్పులేసుకుని రోడ్డు దాటాను. ఆ రోజుల్లో జబ్బుకు జడిసి రాలేదన్న సాకైనా ఉండేది; ఇప్పుడు ఏ జబ్బూ లేదు, అయినా ఆ సాయంత్రం ఆ గేటు తీసింది నేనొక్కదాన్నే.