బస్సు ఆగాక రాసిన కార్డు

రెండు వేల సంవత్సరం ప్రాంతంలో ఒక వార్త రాసే పని మీద విజయనగరం నుంచి అంత దూరం వెళ్లి, పర్చూరులో చిలకలూరిపేట బస్సెక్కాను. నా పక్క సీట్లో ఒకామె ఇద్దరు పిల్లలతో, ఒక ట్రంకుపెట్టెతో కూర్చుంది. ముందు సీటు ముసలమ్మ వెనక్కి తిరిగి అడిగింది.

“పుట్టింటికా అమ్మాయ్?”

“కాదు మామ్మా. పేటలో గది తీసుకున్నా. పత్తి జిన్నింగ్ మిల్లులో పని. పిల్లల్ని బళ్లో చేర్చాక విడాకులకి వేస్తా.”

మా వైపు ఇలాంటి మాట చెవిలో చెబుతారు. ఈమె బస్సంతా వినేలా చెప్పింది.

“మీ ఆయనకి తెలుసా?” అంది ముసలమ్మ.

“ఇప్పుడు రాస్తున్నా. చెప్పకుండా వెళ్తే పిల్లల్ని ఎత్తుకుపోయిందని కోర్టులో అంటాడు. పిల్లలు నా దగ్గరుండాలంటే ముందే తెలియజేయమన్నారు లాయరుగారు.”

నా పెన్ను అడిగి తీసుకుని, పోస్టుకార్డు మీద కొత్త చిరునామా మొదలుపెట్టింది. గతుకులకి అక్షరాలు వంకర్లు పోయాయి.

ముసలమ్మ తొంగి చూసింది. “ఇదేం రాతే! భయంతో చెయ్యి వణికిందనుకుంటాడు.”

ఆమె ఆ కార్డు చించేసి ఇంకోటి తీసింది.

“ఏవయ్యా డ్రైవరూ, బండాపు! పిల్ల ఉత్తరం రాసుకోవాలి!” అని ముసలమ్మ అరిచింది.

మిరపచేల మధ్య బస్సు నిజంగానే ఆగింది.

“ఉత్తరాలకి కూడా స్టాపుందా?” అని వెనక ఎవరో నవ్వారు.

“నువ్వు నోర్ముయ్ రా” అంటూ డ్రైవరు ఇంజను ఆపేశాడు. “నిదానంగా రాసుకో చెల్లెమ్మా.”

చిరునామా, పిల్లల్ని చూడాలంటే ఆదివారం రమ్మన్న ముక్క, కింద తన పేరు రాసింది. ఒక్క అక్షరమూ వంకర పోలేదు. పెన్ను నాకిచ్చి తలెత్తింది.

“ఇక పోనీ అన్నా.”