కళ్లజోడత్తకు ఇవ్వననడం వచ్చింది

మా వీధి మలుపులో కిరాణా కొట్టు నడిపే ఆవిడను చిన్నాపెద్దా అందరూ కళ్లజోడత్త అంటారు. ఆ పేరు మొన్నమొన్న పుట్టిందే. అంతకు ముందు ఆమెకు కళ్లజోడంటే గిట్టేది కాదు. డాక్టరు రాసిచ్చిన జోడు గల్లాపెట్టె సొరుగులో పడి ఉండేది. "మొహం చూసి వయసు చెప్పేస్తాను, నాకెందుకవి?" అనేది.

కొట్లో బియ్యం, సబ్బులు, బిస్కెట్లతో పాటు వెనక గోడకు ఒక మద్యం అర ఉండేది. దానికి లైసెన్సు ఉంది. లేనిదల్లా అత్త నోట్లో ‘ఇవ్వను’ అనే మాట. అడిగినవాళ్లను వట్టి చేతులతో పంపడం ఆమెకు చేతకాదు.

ఒక సాయంత్రం భర్త సరుకు తేవడానికి వెళ్లినప్పుడు, జుట్టు పైకి ముడేసుకున్న అమ్మాయి ఒకతె వచ్చి రెండు బీరు సీసాలు అడిగింది. అత్త ఎండల గురించి కబుర్లు చెబుతూనే సీసాలు కాగితంలో చుట్టి ఇచ్చింది. ఆ పిల్ల గడప దాటిందో లేదో పురపాలక సంఘం తనిఖీ అధికారి లోపలికి వచ్చాడు.

"అమ్మా, ఇప్పుడు మీరు బీరమ్మిన అమ్మాయికి పదహారేళ్లు. మీరు గుర్తింపు కార్డు అడుగుతారో లేదో చూద్దామని మేమే పంపాం."

"మోసం కదా బాబూ ఇది?" అంది అత్త.

"ఆ అమ్మాయి వయసు గురించి అబద్ధం చెప్పలేదమ్మా. మీరు అడగలేదు, అంతే."

జరిమానా వేశారు. మద్యం అరకు నెల రోజులు సీలు పడింది. శిక్షణ తరగతికి తప్పకుండా రావాలన్నారు. ఏడాదిలోగా మళ్లీ దొరికితే లైసెన్సు రద్దని చెప్పి, నోటీసు తలుపుకే అంటించి వెళ్లారు. ఎదురింటి దర్జీ దాన్ని వీధంతా వినేలా చదివాడు. మరునాడు అత్త కొట్లోకి రానని మొండికేసింది.

భర్త ఆమెను పల్లెత్తు మాట అనలేదు. "నేనున్నా ఇచ్చేసేవాణ్ణే. నీ టైం బాలేక నువ్వు దొరికావు. రా, పాలవాడు నీతో మాట్లాడినట్టు నాతో మాట్లాడడు" అని చెయ్యి పట్టుకుని తీసుకొచ్చాడు. ఆ మాట తలుచుకుంటే ఆమెకు ఇప్పటికీ కళ్లు చెమరుస్తాయి.

తరగతి పురపాలక ఆఫీసు మేడ మీద పెట్టారు. చెప్పేది ఆ అధికారే. కొనేవాళ్లుగా, అమ్మేవాళ్లుగా జతలు కట్టించాడు. అత్తకు జతగా వచ్చిన బారు యజమాని బుర్ర మీసాల భారీ మనిషి. గొంతు సన్నం చేసి, "అత్తా, మా నాన్న తెమ్మన్నాడు, ఒక్కటివ్వవా?" అన్నాడు. "సరేలే నాయనా, జాగ్రత్తగా పట్టుకెళ్లు" అనేసింది అత్త. గదంతా గొల్లుమంది. అధికారి కూడా నవ్వు ఆపుకోలేకపోయాడు.

"ఇవ్వను అని ఊరుకోండమ్మా. ఎందుకో చెప్పడం మొదలెట్టారా, వాళ్లు బేరానికి దిగుతారు" అన్నాడు.

ఇంటికొచ్చి భర్త మీద సాధన చేసింది. ఆయన కాఫీ అడిగితే, "కార్డు చూపించు" అంది. ఆయన పాపం నిజంగానే జేబులు తడుముకున్నాడు. కార్డుల మీది పుట్టిన తేదీలు చదవాలి గనక కళ్లజోడు సొరుగులోంచి ముక్కు మీదికి వచ్చింది కూడా అప్పుడే.

సీలు తీయడానికి ఇంకా వారం ఉందనగా, బీరు కొన్న ఆ అమ్మాయి వచ్చింది. ఈసారి రెండు జడలు, బడి సంచీ. రొట్టె కొనుక్కుని, వెళ్లకుండా నిలబడింది.

"మీకు నా మీద కోపంగా ఉందా అత్తా?"

"ఉండేది. ఎందుకు ఒప్పుకున్నావమ్మా ఆ పనికి?"

"నా స్నేహితురాలు తాగి పడిపోయింది. రెండు రోజులు ఆసుపత్రిలో స్పృహ లేకుండా ఉంది. కార్డు అడక్కుండానే అమ్మారంట."

"ఏ కొట్లో?"

"ఇక్కడ కాదత్తా. బస్టాండు దగ్గర."

అత్త బియ్యం బస్తా మీద కూలబడిపోయింది. అమ్మాయి కంగారుగా మంచినీళ్లు తెచ్చిచ్చింది.

ఆ రాత్రి భర్తతో అంది: "అది మన కొట్టు కాకపోవడం మన గొప్పేం కాదు. ఇన్నేళ్లలో ఎంతమందికిచ్చానో నాకే తెలీదు. నేను దొరికిపోయిన ఆ రెండు సీసాలు మాత్రం ఏ పిల్ల కడుపులోకీ పోలేదు. ఎంత అదృష్టం చెప్పు."

మర్నాడే ఆఫీసుకెళ్లి అధికారికి చేతులెత్తి నమస్కరించింది. ఆయన ఇబ్బందిగా లేచి నిలబడ్డాడు. "జరిమానా పడ్డవాళ్లు ఇక్కడికి తిట్టడానికొస్తారమ్మా. మీరేమో..." అని ఆగి, వచ్చే తరగతిలో ఆమెను మాట్లాడమని అడిగాడు.

సీలు తీశాక ఒక పాత ఖాతాదారు కొడుకు కార్డు లేకుండా బీరు కోసం వచ్చాడు. అత్త ఇవ్వనంది. ఆ ఇంటివాళ్లు అలిగి సరుకులకు వేరే కొట్టు చూసుకున్నారు. అత్త బాధపడింది గానీ, కబురు పెట్టి బతిమాలలేదు.

ఒక మధ్యాహ్నం ఆ అమ్మాయి తన స్నేహితురాల్ని వెంటబెట్టుకుని వచ్చింది. ఇంకా నీరసంగా ఉన్న ఆ పిల్ల అల్మారాకు ఆనుకుని నిలబడి, బిస్కెట్లలో ఏవి బావుంటాయని అడిగింది. అత్త కళ్లజోడు తీసి, చీర చెంగుతో చాలాసేపు తుడుచుకుంది. తర్వాత అల్మారాలో ఉన్న రకాలన్నీ తీసి బల్ల మీద పరిచింది.