ఒక పెట్టె తక్కువ

మా బావ లిఫ్టు మెకానిక్. అందరూ లిఫ్టులో నిలబడి పైకి వెళితే, బావ దాని నెత్తిమీద నిలబడి వెళతాడు. కుదురుగా కూర్చోవడం ఆ మనిషికి చేతకాదు. భోజనం మధ్యలో లిఫ్టు చప్పుడు కాస్త తేడాగా వినిపించినా చాలు, ఎంగిలి చేత్తోనే తలుపు తీసి చెవి అటు పారేస్తాడు.

పోయినేడు ఒకచోట ఆరో అంతస్తు దగ్గర, లిఫ్టు పైన పనిచేస్తుండగా మోకాలు పట్టు తప్పింది. తోటి మెకానిక్ చొక్కా పట్టి లాగాడు కాబట్టి మనిషి దక్కాడు. ఆ రోజు నుంచి అక్కకు కంటిమీద కునుకు లేదు. బావ కిందికి దిగి పనిచేయాలంటే ఒకటే దారి, సూపర్‌వైజర్ పరీక్ష. అరవై ప్రశ్నలు, ప్రశ్నకో మార్కు, నలభై రావాలి. అప్పటికే రెండుసార్లు తప్పాడు. మూడోసారీ తప్పితే ఇక రాయనివ్వరు, రిటైరయ్యేదాకా ఆ మోకాలితో పైకెక్కాల్సిందే.

నేను పోటీపరీక్షల కోచింగ్ సెంటర్లో లెక్కలు చెబుతాను. మరదలిని కాబట్టి బావ దగ్గర ఫీజు లేదు, తిట్టే హక్కు మాత్రం ఉంది. దాన్ని బాగానే వాడుకున్నాను.

నిష్పత్తులతో నాకు పేచీ రాలేదు. "మగ, ఆడ ఉద్యోగులు అయిదుకు మూడు చొప్పున ఉన్నారు, మగవాళ్ళు పన్నెండుమంది ఎక్కువ, మొత్తం ఎందరు?" అని చదివితే, "తేడా రెండు వాటాలు. వాటాకి ఆరుగురు. ఎనిమిది వాటాలకి నలభై ఎనిమిది" అంటూ లేచి కిటికీ దగ్గరకు పోయేవాడు. ఋణసంఖ్యతో భాగిస్తే అసమానత గుర్తు తిరగబడుతుందని చెబితే నా దగ్గర చదివే పిల్లలు నెత్తీనోరూ కొట్టుకుంటారు. బావ మాత్రం "ఇటు లిఫ్టు దిగితే తాడుకు అటు చివరున్న బరువు లేస్తుంది, అంతేగా" అన్నాడు.

నా ప్రాణం తోడేసింది ఆ అసమానతల మాటలెక్కల్లోనే.

"లిఫ్టు నాలుగొందల ఎనభై కిలోలకు మించి మోయదు. మనిషి అరవై కిలోలు, పెట్టె ముప్పై. మనిషితో పాటు గరిష్ఠంగా ఎన్ని పెట్టెలు?"

బావ గబగబా లెక్కేసి పదమూడు దగ్గర గుర్తు పెట్టాడు.

"పద్నాలుగు కదా బావా."

"వచ్చేది పద్నాలుగే. నేను ఎక్కించేది పదమూడు."

"అదేంటి?"

"అంచుదాకా ఎవడైనా నింపుతాడా పంతులమ్మా? పెట్టె తడిసి ఉంటే? ఆ మనిషి బాగా మెక్కి వచ్చుంటే?"

"ఆ జాగ్రత్తంతా కంపెనీవాళ్ళు ముందే పడి నాలుగొందల ఎనభై అని రాశారు."

"వాళ్ళ జాగ్రత్త వాళ్ళది. నాది నాది."

నాకు ఒళ్ళు మండిపోయింది. గరిష్ఠం అంటే ఒకటి తగ్గిస్తాడు, కనీసం అంటే ఒకటి కలుపుతాడు. ప్రశ్నలు రాసేవాళ్ళు జవాబుకు అటూ ఇటూ ఉండే అంకెల్నే పక్కన పెడతారు, గుంటలు తవ్వినట్టు. బావ తెలిసి తెలిసి ప్రతి గుంటలోనూ కాలేస్తాడు. ఇంత మొండిఘటాన్ని నా సర్వీసులో చూడలేదు.

పరీక్ష ముందురోజు సాయంత్రం కూడా అదే గొడవ. ఇస్త్రీ చేస్తున్న అక్క తలెత్తకుండానే అడిగింది. "ముక్కూమొహం తెలీని పెట్టెల కోసం అంత జాగ్రత్త పడుతున్నారు. మీ మోకాలికి ఎంత వదిలారు?"

బావ లేచి, బాగానే తిరుగుతున్న ఫ్యాను స్విచ్చి ఊడదీసి మళ్ళీ బిగించాడు.

పరీక్ష రాసి వచ్చాక నేను వదల్లేదు. పెట్టెల లెక్క వచ్చిందా అంటే వచ్చిందన్నాడు. ఏం పెట్టావంటే కుర్చీలోంచి లేచిపోయాడు. మళ్ళీ కొంప ముంచాడనుకున్నాను. ఫలితాలు వచ్చేలోపు ఇంట్లో బిగించడానికి ఒక్క మర మిగల్లేదు.

ఫలితం నా ఫోన్లోనే చూశాం. నలభై. కింద పాస్ అని ఉంది.

"సరిగ్గా నలభయ్యా?" అన్నాడు బావ. "ఒక్కటైనా పైన లేదా?"

"నలభై, ఆపైన అంటే నలభై కూడా కలుస్తుంది బావా."

"ఇంకోసారి చూడు."

చూశాను. నలభయ్యే. బావ అప్పుడు కుర్చీలో కూర్చున్నాడు, మళ్ళీ లేవలేదు.

"వ్యాను లెక్కొచ్చింది. పదిహేను పెట్టెలు పడతాయి. నేను మొదట పద్నాలుగే పెట్టాను. చివర్లో మీ అక్క మాట గుర్తొచ్చి పదిహేనుకు మార్చాను." మోకాలు రుద్దుకున్నాడు. "ఆ ఒక్కటీ మార్చకపోయుంటే..."

"పోయిందాని సంగతి వదిలెయ్యండి. ఇక పైకెక్కరుగా?" అంది అక్క.

"ఎక్కను."

అక్క గోడకు ఆనుకుని అక్కడే చతికిలబడి, ఇన్నాళ్ళుగా దాచుకున్నదంతా బయటపెడుతూ బావురుమంది.