పత్తి పూసే నెలల్లో నిరోష

ధరూర్ నుంచి కృష్ణా నది వైపు పోయే దారిలో, ఊరు దాటగానే ఎడమ పక్కన ఉన్న చేను నిరోషది. పాస్‌బుక్కులో భర్త రవి పేరే ఉంటుంది గానీ, ఊళ్లో ఎవరిని అడిగినా "నిరోష సీడు చేను" అనే చెప్తారు. అది మామూలు పత్తి కాదు, విత్తనం కోసం పెంచే పత్తి. మర్నాడు విచ్చుకోబోయే మొగ్గల్ని మధ్యాహ్నం పూట ఒక్కొక్కటే బొటనవేలి గోటితో చీల్చాలి. రేకులూ పుప్పొడీ తీసేసి, నడుమ ఉన్న సన్నని కాడను మాత్రం చెక్కుచెదరకుండా నిలపాలి. తెల్లవారి వేరే సాళ్లలో కోసుకొచ్చిన మగపూలను ఆ కాడలకు రాయాలి. అక్కడివాళ్లు దీన్ని క్రాసింగ్ అంటారు. వానాకాలం నడుమ మొదలయ్యే ఈ పనికి దసరా దాటేదాకా ఆదివారం ఉండదు, పండగ ఉండదు. ఇవాళ విచ్చిన పువ్వు ఇవాళే పనికొస్తుంది. రేపటికి ఎర్రబడి ముడుచుకుపోతుంది.

నిరోషకు ఇంకా ముప్ఫై నిండలేదు. కూతురు అమూల్య మూడో తరగతి. కొడుకు గోపికి ఏడాదిన్నర. రవి పొద్దున్నే ధరూర్–గద్వాల మధ్య ఆటో నడిపి, మధ్యాహ్నం తర్వాత చేనుకు నీళ్లు కట్టడం, మందు కొట్టడం చూసుకుంటాడు. ఇన్నేళ్లూ క్రాసింగ్ కాలంలో ఇంటినీ పిల్లల్నీ అత్త సత్యమ్మ చూసుకునేది. ఈ ఏడు సరిగ్గా పూత మొదలైన వారంలోనే వీపనగండ్లలో ఉన్న ఆడబిడ్డ రాధికకు నెలలు నిండకముందే నొప్పులొచ్చాయి. కాన్పు అయ్యేదాకా మంచం దిగొద్దన్నారు డాక్టర్లు.

"నేను పోకపోతే దానికెవరున్నరు చెప్పు?" అంది సత్యమ్మ, సంచిలో చీరలు కుక్కుకుంటూ. "నువ్వంటే ఎట్లన్న ఎళ్లదీస్తవు."

"పో అత్తా. నేను చూసుకుంట," అంది నిరోష. ఆ మాట అనడం తేలికే అనిపించింది అప్పుడు.

మొదట్లో చిన్నవాణ్ని చేనుకే తీసుకుపోయింది. గట్టు మీది తుమ్మ కొమ్మకు చీరతో ఉయ్యాల కట్టి, సాలు చివరికి వచ్చినప్పుడల్లా ఒకసారి ఊపి వెళ్లేది. కానీ గోపి ఉయ్యాలలో పడుకునే వయసు దాటాడు. ఒక పొద్దున ఆమె మగపూల బుట్టతో చేను ఆ మూలన ఉండగా, వాడు ఉయ్యాలలోంచి జారి, పాక్కుంటూ సాళ్లలోకి వచ్చాడు. కూలికి వచ్చిన రాధమ్మ వేసిన కేకకు నిరోష పరుగెత్తి చూసేసరికి వాడి నోటి నిండా పత్తాకు ఉంది. ముందురోజే ఆ సాళ్లకు రవి మందు కొట్టాడు.

వేలు పెట్టి ఆకు బయటికి లాగింది. నీళ్లతో నోరు కడిగింది. బండి మీద పోతున్న ఎవరినో ఆపి ఎక్కి, దారిలోనే రవికి ఫోను చేసి, గద్వాల దవాఖానకు చేరింది. డాక్టరు చూసి, భయం లేదన్నాడు. సాయంత్రం దాకా అక్కడే ఉంచుకొని పంపాడు. ఆటోలో తిరిగి వస్తుంటే గోపి ఏమీ జరగనట్టు తండ్రి మెడలోని తువ్వాలుతో ఆడుకుంటున్నాడు.

మర్నాడు చేనులో అడుగు పెట్టగానే నిరోష కళ్లకు ముందుగా కనపడినవి నిన్నటి పువ్వులు. ఎవరూ తాకక వరుసగా ఎర్రబడి వేలాడుతున్నాయి. 'అయ్యో, ఎన్ని పోయినయి' అనుకుంది. ఆ వెంటనే, నిన్న అంత జరిగితే ఇవాళ పువ్వుల గురించి అనుకుంటున్నానా అని తన మీద తనకే చీదర పుట్టింది.

ఆ రాత్రి అన్నం తింటూ ఆమే అంది: "అత్త వచ్చేదాంక అమూల్యను బడి మానిపిద్దాం. తమ్మునికాడ ఉంటది." రవి పళ్లెంలోకి చూస్తూ సరే అన్నాడు. ఆ తర్వాత స్కూలు నుంచి టీచర్ ఫోన్ చేస్తే పాపకు జ్వరమని చెప్పాడు. పక్కనే కూర్చున్న అమూల్య తండ్రి మొహంలోకి ఒకసారి చూసి, చెయ్యి ఎత్తి నుదురు తాకి చూసుకుంది.

అమూల్య నెమ్మదైన పిల్ల. తమ్ముణ్ని చంకన వేసుకొని గట్టంతా తిప్పేది, వాడు నిద్రపోతే పక్కన కూర్చునేది. ఊరికే కూర్చోవడం తోచక దగ్గర్లోని సాలులో మొగ్గలు గిల్లడం మొదలుపెట్టింది. నిరోష మొదట గమనించలేదు. గమనించాక కూడా, పోనీలే, పిల్లకు పొద్దు పోతుంది అనుకుంది.

ఒక మధ్యాహ్నం రాధమ్మ ఆ సాలు దగ్గర ఆగి, వంగి, అమూల్య గిల్లిన మొగ్గల్ని ఒక్కటొక్కటే చూసింది.

"ఓ నిరోషా, ఇటు రా! నీ బిడ్డ చెయ్యి ఎంత సాఫుగ ఉన్నదో చూడు. కాడకు గీటు గూడ పడలే. మనకన్న ఈ పిల్లనే నయం."

"చిన్న చేతులాయె. మొగ్గ ఇరగదు," అంది ఇంకొకామె.

"ఇంకేంది, వచ్చే ఏడాదికి నీకు కూలోళ్ల పరేషానే లేదు," అని అందరూ నవ్వారు.

అమూల్య మొహం వెలిగిపోయింది. తలవంచుకొని, ఇంకా జాగ్రత్తగా ఇంకో మొగ్గ పట్టుకుంది. నిరోష పెదాల మీదికి కూడా నవ్వు వచ్చింది, ఏ తల్లికైనా వచ్చినట్టే. ఆ నవ్వు అక్కడే ఆగిపోయింది.

ఇవే మాటలు ఆమె ఇంతకుముందు విన్నది. పుట్టినూళ్లో, రాజోలి పక్కన. అప్పుడు తనది నాలుగో తరగతి. మేనమామ చేనులో సరదాకి మొగ్గలు గిల్లుతుంటే ఆడవాళ్లంతా చుట్టూ చేరి, ఈ పిల్ల చేతిలో ఏముందే అని మెచ్చుకున్నారు. ఆ సాయంత్రం అమ్మ గాజులు కొనిచ్చింది. మర్నాడు తనే ఉత్సాహంగా చేనుకు పరుగెత్తింది. ఆ మర్నాడూ అంతే. బడి ఏ రోజు మానిందో ఇప్పుడు ఎంత తలుచుకున్నా గుర్తు రాదు. అలాంటి రోజంటూ ఒకటి లేదు. తనను ఎవరూ కొట్టి ఆపలేదు, తిట్టి ఆపలేదు. మెచ్చుకొని ఆపారు.

నిరోష తన బొటనవేలి వైపు చూసుకుంది. గోరు నడిమికి చీలి, పసరుతో నల్లబడి ఉంది.

"అమ్మూ, ఇంక చాలు. లెవ్వు," అంది.

"ఇంకో రెండు చెట్లున్నయి అమ్మా."

"లెవ్వమంటున్న కదా. రేపటినుంచి బడికి పో."

అమూల్య సంతోషపడుతుందనుకుంది. అది ఏడుపు మొదలుపెట్టింది. ఇంటికి పోయేదాకా ఏడ్చింది. "నేను మంచిగ చేస్తున్న అన్నరు కదా. నువ్వు గూడ నవ్వినవ్. బడిల లెక్కలు నాకిప్పుడు రావు. అందరు ముందుకు పోయిన్రు." నిరోష దాని చెయ్యి పట్టుకొని నడిచింది.

బడికి పంపడమైతే సరే, గోపి సంగతేమిటి? రాత్రంతా అదే ఆలోచన. తెల్లవారుతూనే రచ్చబండ వెనక వీధిలో ఉన్న లక్ష్మీదేవమ్మ ఇంటికి పోయింది. లక్ష్మీదేవమ్మ ఒకప్పుడు ఊళ్లో పేరున్న క్రాసింగ్ మనిషి. చూపు మందగించాక చేను మానేసి, పొద్దంతా అరుగు మీద ఒంటరిగా కూర్చుంటుంది. నిరోష చెప్పిందంతా విని ఆమె తల అడ్డంగా ఊపింది.

"నా పిల్లల్నే నేను పెంచలే బిడ్డా. నేను చేన్ల, వాళ్లు ఇంట్ల. పెద్దబిడ్డనే అందరిని ఎత్తుకొని తిరిగింది. దాని నడుము గప్పుడే వంగింది. ఇప్పుడు మంది పిల్లల్ని పెంచమంటవా?"

"గందుకే వచ్చిన అవ్వా. నా బిడ్డ గట్ల కావొద్దని."

ముసలామె వీధి వైపు మొహం తిప్పుకుంది. వీధిలో పాల డబ్బాలతో ఒక బండి పోయింది.

"ఒక్కణ్నే తెస్తే నాకు తోచదు," అంది. "మీ చేనుకొచ్చేటోళ్లల్ల ఇంకెవరికన్న పసిపిల్లలున్నరా? వాళ్లను గూడ తేండ్రి. పెద్దగైనోళ్లు నా తలుపుకాడ కనపడొద్దు, బడికే పోవాలె. పొద్దు నెత్తిమీదికి రాకముందే తల్లులు ఒకపారి వచ్చి సూసిపోవాలె. అయితదా?"

"అయితది అవ్వా."

ఆ రోజే రవితోనూ తేల్చుకుంది. "పొద్దుగాల చిన్నోన్ని అవ్వకాడ ఇడిశి, అమూల్యను తయారు చేసి బడికాడ దింపు. అది నీ పని."

"నా ఆటో టైం గదే కదా," అన్నాడు రవి.

"నా పూల టైం గూడ గదే."

మర్నాటి నుంచి దువ్వెన రవి చేతికి వచ్చింది. మొదటి రోజుల్లో అమూల్య రెండు జడలూ రెండు దిక్కులకు ఉండేవి. స్టాండులో తోటి డ్రైవర్లు, ఏంరా ఇయ్యాల గూడ లేటేనా అని ఆట పట్టించేవారు. రవి మొహం మాడ్చుకొని ఇంటికొచ్చేవాడు గానీ, మర్నాడు మళ్లీ దువ్వెన పట్టుకునేవాడు.

అరుగు మీద నలుగురు పసివాళ్లు చేరారు. లక్ష్మీదేవమ్మ వీధిలోకి దిగే మెట్లకు అడ్డంగా మంచం వాల్చి, దాని మీద తనే కోటగోడలా కూర్చునేది. పూల పని ఒక కొలిక్కి రాగానే తల్లులంతా చీర కొంగులు దులుపుకుంటూ వీధిలోకి గుంపుగా వచ్చేవారు. రాధమ్మకు పసివాళ్లు లేకపోయినా వాళ్ల వెంట వచ్చేది.

అన్నీ చక్కబడ్డాయని కాదు. గోపి మొదటిసారి స్పష్టంగా పలికిన మాట "కుక్క". ఆ మాట నిరోష వినలేదు. లక్ష్మీదేవమ్మ నవ్వుతూ చెప్తే నవ్వింది గానీ, చేనుకు తిరిగి పోతూ దారంతా ఆ మాటను తనలో తానే అనుకుంటూ నడిచింది. చేనులో ఉంటే చెవి ఊరివైపు ఉండేది. ఇంట్లో పిల్లలకు అన్నం కలుపుతుంటే కళ్లముందు రేపటి మొగ్గలు కదిలేవి. ఎక్కడున్నా సగమే ఉన్నట్టుండేది. ఈ బాధ తనొక్కదానిదే అనుకునేది. కానీ అరుగు దగ్గర పిల్లల్ని ఒళ్లో వేసుకున్న మిగతా తల్లులు వాళ్ల మెడల్లో మొహం దాచుకోవడం చూశాక, కాదని తెలిసింది.

మధ్యమధ్య ఊరికి పోయి వచ్చే పనివల్ల చేను చివరి సాళ్లు ఎప్పుడూ అందేవి కావు. ఒకరోజు రవి ఆ ఎర్రబడ్డ పువ్వుల ముందు నిలబడ్డాడు.

"ఈపారి మనకు విత్తనం తక్కువనే అయ్యేటట్టుంది."

"కానియ్యి," అంది నిరోష. ఆ సాళ్లను ఇక చూడకూడదని ఆమె అంతకుముందే నిర్ణయించుకుంది. చూడకుండా ఉండటం రాలేదు. కానీ వాటి కోసం పరుగెత్తడం మాత్రం మానేసింది.

దసరా వెళ్లాక క్రాసింగ్ ముగిసింది. వీపనగండ్లలో రాధికకు ఆడపిల్ల పుట్టింది, తల్లీబిడ్డా క్షేమం. సత్యమ్మ ఊరికి తిరిగి వచ్చింది. జరిగిందంతా విని, "నేను లేకుంటే ఇల్లు గింత ఆగమైందా," అని నొచ్చుకుంది. పిల్లల్ని పరాయి అరుగు మీద వదలడం ఆమెకు అస్సలు నచ్చలేదు. రెండు రోజులు గోపిని ఇంట్లోనే పట్టి ఉంచింది. వాడు వీధి వైపు చెయ్యి చాపి గోల పెడితే ఏమీ చేయలేక, మూడోనాడు తనే ఎత్తుకొని లక్ష్మీదేవమ్మ ఇంటికి పోయింది. ఎంతకీ రాలేదు. నిరోష వెతుక్కుంటూ పోతే, ముసలివాళ్లిద్దరూ మంచం మీద ఆ చివర ఒకరు, ఈ చివర ఒకరు కూర్చొని ఏదో పాత తగాదా గురించి మాట్లాడుకుంటున్నారు. పిల్లలు కింద ఆడుకుంటున్నారు. పత్తి తీతలు మొదలయ్యేసరికి ఆ అరుగుకు ఇద్దరు కాపలాదార్లయ్యారు.

అమూల్య మాత్రం తల్లితో ముభావంగానే ఉంది. లెక్కల్లో వెనకబడే ఉంది. బడి నుంచి రాగానే పుస్తకాల సంచి మూలకు విసిరేసేది. ఒక సాయంత్రం నిరోష రొట్టెలు చేస్తుంటే, ఏమనుకుందో ఏమో, ఇంగ్లీషు పుస్తకం తెచ్చుకొని పొయ్యికి కాస్త ఎడంగా కూర్చుంది. వేలు పెట్టి కూడబలుక్కుంటూ చదవసాగింది. నిరోష పిండి చేతులతో అలాగే వింటూ ఉంది. ఒకచోట అమూల్య ఆగిపోయింది. మళ్లీ మొదటి నుంచి చదివింది. మళ్లీ అక్కడే ఆగింది.

"ఇదేంది అమ్మా?"

నిరోష వంగి చూసింది. అక్షరాలు ఒక్కొక్కటీ తెలుసు. అన్నీ కలిపితే ఏమవుతుందో తెలియలేదు.

"నాకు తెల్వది బిడ్డా."

అమూల్య తల్లి మొహంలోకి చూసింది. చాలా రోజుల తర్వాత అంత దగ్గరగా చూడటం. పుస్తకం మీద ఆ మాట పక్కన పెన్సిలుతో చిన్న గీత గీసింది.

"సరే తీయ్. రేపు టీచర్‌ని అడుగుత. అడిగి నీకు గూడ చెప్త," అని, తర్వాతి వాక్యంలోకి పోయింది.