భుజం కోసం చేసిన ప్రార్థనలు

సహోదరీ సహోదరులారా, మీరిప్పుడు వినబోయేది మామూలు సాక్ష్యం కాదు, మరణఛాయ లోయ, అగ్నిగుండం, సింహాల బోను అన్నీ ఇందులో ఉన్నాయి, ఉపవాస కూడికలో మూడు రాత్రులు చెప్పినా తరగదు, అని మొదలుపెట్టాలని ఇంటికాడ బాగానే సిద్ధపడినాను. తీరా చూసుకుంటే ఇందులో ఉండేది నేను, మన సంఘంలో అందరికంటే గట్టిగా ఆమెన్ చెప్పే సుగుణమ్మ అత్త, గిన్నెలో కొంచెం వేడి ఆముదం. సింహాలు లేవు. మా కుక్క ఒకటి ఉండె, అది కూడా నిద్రపోతా ఉండె.

అది వాన రాని సంవత్సరం. ఏ సంవత్సరమని అడగొద్దండి, మన గార్లదిన్నెలో అన్నీ వాన రాని సంవత్సరాలే, ఆ గుర్తుతో ఏదీ దొరకదు. స్నానం చేస్తుంటే ఎడమ రొమ్ములో గడ్డ చేతికి తగిలింది. రొమ్ము. చెప్పేసినాను, పైన రేకులు ఊడి పడలేదు, పాస్టరయ్యగారు నేల చూస్తున్నారు గానీ ఆయనకు కూడా ఏం కాలేదు. బైబిలు వాక్యం చదివేటప్పుడు ఇదే మాట మైకులో ఎన్నిసార్లు వినలేదు మనం, అప్పుడెవరూ తల దించుకోరే! మిషను మీద మీ అందరికీ జాకెట్లు కుట్టేదాన్ని, మీ కొలతలన్నీ వీధికి వినపడేట్టు చదివే నోరు నాది, ఆ నోరు నా సంగతికొచ్చేసరికి మూతపడింది. ప్రార్థన మనవులు అడిగినప్పుడు లేచి, భుజం నొప్పయ్యా అన్నాను.

సంఘమంతా పాపం నా భుజం కోసం కన్నీళ్ళతో ప్రార్థన చేసింది, ఆదివారం తర్వాత ఆదివారం, ప్రభువా ఈ బిడ్డ భుజాన్ని ముట్టండి అని పాస్టరయ్యగారికి గొంతు పోయింది, సీమ మొత్తంలో ఇంత దీవెన పొందిన భుజం ఇంకొకటి ఉండదు, గడ్డ మాత్రం పెరుగుతానే ఉండె. నేను మోకాళ్ళ మీద, “తండ్రీ, వాళ్ళు భుజమంటారు గానీ, నీకు తెలుసు గదా” అని అడ్రసు మార్చి పంపేదాన్ని. మా పాప అప్పుడింకా చిన్నది, నేను పోతే దానికి జడ ఎవరు వేస్తారని ఒకటే దిగులు. మా ఆయన వేస్తే ఎట్లుంటుందో తర్వాత చూసినాము, ఆ సంగతి వద్దు.

ఇంత ప్రార్థనకూ భుజం తగ్గలేదేమని సుగుణమ్మ అత్తకు కోపమొచ్చి, విశ్వాసంతో పాటు ఆముదం కూడా పట్టుకొని ఇంటికొచ్చింది. తలుపేసి రుద్దింది, రుద్దతా రుద్దతా చంక దాకా పోయి చెయ్యి ఆపింది. ఆడ శెనక్కాయ విత్తనమంత బిళ్ళ.

“ఏమే, భుజం యాడ అయిపోతాదో నాకు తెల్దనుకున్యావా?” అనింది.

అప్పుడు ఏడ్చినాను, అంతా చెప్పినాను. ఆమె చేతి నూనె కొంగుకు తుడుచుకొని, కండ్లు కూడా మూసుకోకుండా ప్రార్థన చేసింది: “దేవా, ఇది అబద్ధం చెప్పినా నువ్వు నిజమే విన్నావు. పొద్దున బస్సుకు పోతాండాము, తోడు రా.” అంత చిన్న ప్రార్థన ఆమె జన్మలో చేసి ఉండదు.

ఆసుపత్రిలో చూసి క్యాన్సరే అన్నారు. రొమ్ము తీసేసినారు, మందులెక్కించినారు, జుట్టు రాలింది, మళ్ళీ వచ్చింది, ఈసారి రింగులు తిరిగి వచ్చింది. ఆపరేషనైనాక చూస్తే ఎడమ చెయ్యి పైకి లేవదు, భుజం బిగుసుకొని పోయింది! అప్పుడు అర్థమైంది సహోదరులారా, మీ ప్రార్థనలు ఒక్కటీ వృథా పోలేదు, కాస్త ముందుగా వచ్చి కూర్చున్నాయి, అంతే. గోడ మీద వేళ్ళు పాకించమన్నారు, పాకించినాను, ఇప్పుడు హల్లెలూయకు ఈ చెయ్యి ఎంత పైకి లేస్తాందో చూడండి. మొన్న పరీక్షలో జబ్బు యాడా కనపడలేదన్నారు. దేవునికే మహిమ, డాక్టరమ్మకు వందనాలు.

ఇప్పుడు అసలు మాట. ఆ ఆసుపత్రిలో పరిశోధన చేస్తున్నారు, ఈ జబ్బు వచ్చిన ఆడవాళ్ళ అనుభవాలు వింటున్నారు. సూది లేదు, మందు లేదు, మాటలే. పేరు బయటపెట్టరు, ఇష్టం లేకుంటే మధ్యలో లేచి రావచ్చు. ఆ పరిశోధన చేసే పాప ఒకామె నన్ను, మొదట ఎవరికి చెప్పినావక్కా అని అడిగింది. సంఘం మొత్తానికి చెప్పినాను, భుజమని, అన్నాను. ఆ పాప నవ్వలేదు. “ఏ పేరు చెప్పి దాస్తారో తెలిస్తే, ఊర్లలో నర్సమ్మలు తొందరగా పట్టుకుంటారక్కా” అనింది. నా అబద్ధం చదువుకున్నోళ్ళకు పనికొస్తుందని నేను కలలో కూడా అనుకోలేదు.

పోయిన ఆదివారం మనవుల్లో ఒక అక్క భుజం నొప్పి అన్నారు. ఆడవాళ్ళ వరసల్లో తలలన్నీ నా వైపు తిరిగినాయి. ఎవరో నేను చెప్పను. అక్కా, నిజంగా భుజమే అయితే అత్త దగ్గర ఆముదం ఉండాది. కాకపోతే ప్రభువును నమ్ము, నాతో రా, ఆయనకు ముందే తెలుసు, నువ్వు చెప్పాల్సింది డాక్టరమ్మకే. జబ్బొచ్చి బాగైనోళ్ళు కూడా రండి, మీ మాటలు వాళ్ళకు కావాల. మంగళవారం పొద్దున బస్సుకు నేను పోతాండాను. పరీక్షలు కింద, మాటలు మేడ మీద.

బస్సులో కుడిపక్క కూర్చోండి. పోయేటప్పుడు ఎడమపక్క ఎండ పడతాది.